సీసపు బిళ్ళ

పిల్లలూ! మట్టిలో దొరికిన పాత వస్తువును చూచి అది ఎప్పటిదో చెప్పటం ఎట్లాగో ఈ నెల మీకు చెప్పాలనుకున్నాను. చెప్పటానికి నాకేమి అర్హత ఉన్నదంటారా? ముప్ఫయి ఏళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేసి, చివర కొన్నేళ్ళు హెడ్మాస్టరుగా ఉండి రిటైరయ్యాను. చరిత్ర పాఠాలు చెప్పాను. కాని నా అర్హత అది కాదు. ఈ విషయంలోనే నేను ఒకప్పుడు పెద్ద తప్పు చేశాను. ఆ సంగతికి తరువాత వస్తాను. ముందు మా మనుమడి సంగతి వినండి.

మా అబ్బాయి ఇంగ్లండులో సఫోక్ అనే జిల్లాలో ఉంటున్నాడు. పోయిన ఆగస్టులో నేను అక్కడికి వెళ్ళాను. మా మనుమడికి పదకొండేళ్ళు. వాడి దగ్గర ఒక మెటల్ డిటెక్టరు ఉన్నది. చూడటానికి అది చేతికర్ర కొసకు ఒక పళ్ళెం బిగించినట్లుంటుంది. దానిని నేలకు జానెడు ఎత్తున అటూ ఇటూ తిప్పుతూ నడుస్తారు. అడుగున లోహం ఉంటే చెవిలో కూత వినిపిస్తుంది.

"ఎట్లా కూస్తుందిరా?" అని అడిగాను. వాడు చెప్పినదానికి నా పాఠం కొంచెం కలిపి చెబుతాను. పళ్ళెంలో రాగితీగ చుట్ట ఉంటుంది. బ్యాటరీ బలంతో ఆ తీగలో విద్యుత్తు క్షణక్షణం దిక్కు మారుతూ ప్రవహిస్తుంది. అందువల్ల దాని చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలో ఏ లోహపు ముక్క ఉన్నా, దానిలో ఏటిసుడుల వంటి సన్నని విద్యుత్ప్రవాహాలు పుడతాయి. ఆ సుడులు తమ వంతుగా మరొక చిన్న అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. పళ్ళెంలో ఉన్న రెండవ తీగచుట్ట దానిని పసికడుతుంది. ఇనుముకు ఒక స్వరం, వెండికి మరొక స్వరం. మా వాడి చెవి ఆ స్వరాలకు అలవాటు పడిపోయింది.

ఇది ఈనాటి ఆలోచన కాదు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే ఇటువంటి యంత్రం తయారు చేశాడు. అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డును ఎవడో తుపాకితో కాల్చాడు. ఒంట్లో గుండు ఎక్కడ ఉన్నదో డాక్టర్లకు తెలియలేదు. బెల్ తన యంత్రంతో వెతికాడు, దొరకలేదు. రోగి పడుకున్న పరుపులో ఇనుప స్ప్రింగులు ఉన్నాయట! యంత్రం వాటికే కూసి ఉంటుంది. పాపం, అధ్యక్షుడు ఆ సెప్టెంబరులో చనిపోయాడు.

అక్కడ ఆగస్టులో గోధుమ కోతలవుతాయి. కోసిన చేలల్లో వెతకటానికి వీలు. అయితే ఎవరి చేనులోనైనా దిగేముందు ఆ రైతును అడిగి తీరాలి. ప్రభుత్వం కాపాడుతున్న పురాతన స్థలాలలో అనుమతి లేకుండా డిటెక్టరు వాడటం నేరం. మా వాడు ఇవన్నీ నాకు పాఠం అప్పజెప్పినట్లు చెప్పాడు. తాత హెడ్మాస్టరయితే మాత్రం, ఆ చేనులో వాడే మాస్టరు.

మొదటి పూట మాకు దొరికినవి: పది మేకులు, కూల్‌డ్రింకు డబ్బాల మూతలు కొన్ని, ఒక రాగిరంగు బిళ్ళ. ఆ బిళ్ళ విక్టోరియా రాణి కాలపు పెన్నీ. సంవత్సరం అరిగిపోయింది. "అయినా చెప్పవచ్చు, తాతయ్యా! రాణి తల చూడు. వెనుక కొప్పు ఉన్నది. 1860 నుంచి 1894 వరకు కొప్పు. ఆ తరువాత ముసుగు వేసుకున్న ముసలి రాణి" అన్నాడు వాడు. నాకు భలే సంతోషమయింది. మన దేశపు నాణేలలోనూ ఇటువంటి గుర్తు ఒకటున్నది. మీ అమ్మమ్మ పెట్టెలో విక్టోరియా రూపాయి ఉంటే తీసి చూడండి. 'క్వీన్' అని ఉంటే అది 1876 వరకు పోసిన రకం. 'ఎంప్రెస్' అని ఉంటే 1877 నుంచి మొదలైన రకం. ఆ ఏటి నుంచి ఆమె మన దేశానికి చక్రవర్తిని అనిపించుకున్నది మరి.

కాని అన్ని వస్తువుల మీదా రాణులు ఉండరు గదా? అటువంటప్పుడు వస్తువు ఏ చోట, వేటితోబాటు దొరికిందో చూడాలి. దీనికి అదే జిల్లాలో జరిగిన ఒక గొప్ప కథ ఉన్నది.

1992 నవంబరు 16న హాక్సన్ అనే ఊళ్ళో ఒక రైతు సుత్తి పొలంలో పోయింది. ఎరిక్ లాస్ అనే ఆయన, ఉద్యోగం నుంచి రిటైరయిన పెద్దమనిషి, స్నేహితుడి సుత్తి వెతికిపెడదామని డిటెక్టరు తీసుకొని వెళ్ళాడు. సుత్తికి బదులు వెండి చెంచాలు, బంగారు గొలుసులు, నాణేలు తగిలాయి. మీరూ నేనూ అయితే ఏమి చేసేవాళ్ళం? చీకటి పడేదాకా తవ్వేవాళ్ళం! ఆయన మాత్రం కొంచెం తీయగానే ఇది చాలా పెద్ద నిధి అని గ్రహించి, తవ్వటం ఆపి, అధికారులకు కబురు పంపాడు. మరునాడు పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి మిగిలినదంతా ఒక పద్ధతి ప్రకారం తీశారు. దాదాపు 15,000 రోమను నాణేలు, అవి గాక నగలు, వెండి సామాను. తొందరపడి పెళ్ళగించలేదు కాబట్టే, అదంతా ఒక కొయ్యపెట్టెలో సర్ది ఉండేదని పుచ్చిన చెక్క ఆనవాళ్ళను బట్టి తెలిసింది. సుత్తి కూడా దొరికింది లెండి. దానిని కూడా బ్రిటిష్ మ్యూజియంలో భద్రపరచారు!

మా అబ్బాయి మమ్మల్ని లండనుకు తీసుకువెళ్ళి ఆ నిధిని చూపించాడు. అందులో ఒక వెండిబొమ్మ ఉన్నది, ఒక గొప్పింటి ఆడమనిషి బొమ్మ. అడుగున బిరడా తిప్పితే పొడి రాలుతుంది. అది మిరియాలపొడి డబ్బా! ఆ రోజుల్లో రోమనులకు మిరియాలు మన దేశం నుంచి, ముఖ్యంగా మలబారు తీరం నుంచి, ఓడల మీద వెళ్ళేవి. మన మిరియాలపొడి అంత దూరాన, అంత గొప్పింట్లో! నేను ఆ అద్దాల బీరువా దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

ఆ నిధిని ఎప్పుడు పాతిపెట్టారో ఎట్లా తెలిసింది? అందులో అన్నిటికంటె కొత్త నాణేలు 407-408 నాటివి. కాబట్టి 407కు ముందు పాతిపెట్టి ఉండరు. మీ హుండీ సంగతే తీసుకోండి. అందులో 1990 నాటి నాణేలు తొంభై ఉండవచ్చు. కాని రూపాయి గుర్తు ఉన్న నాణెం ఒక్కటి కనిపిస్తే చాలు, ఆ హుండీ 2011 తరువాతనే నిండిందని చెప్పవచ్చు. ఆ గుర్తుతో నాణేలు 2011లో గదా మొదలైనవి? పాతవి తొంభై ఉన్నా వాటి సాక్ష్యం చెల్లదు. అదే, ఎవరైనా ఆ ఒక్క నాణేన్ని ముందుగానే తీసి జేబులో వేసుకుంటే? లెక్క మొత్తం తప్పిపోతుంది.

ఇక సీసపు బిళ్ళ.

మరునాడు సాయంకాలం చేను గట్టు దగ్గర మా వాడి యంత్రం కూసింది. ఆరంగుళాల లోతున ఒక బూడిదరంగు ముక్క. పావలా కాసంత ఉంటుంది. పైన తెల్లని పెచ్చు కట్టింది. వాడు దానిని గోటితో గీకబోయి, "ఉత్త సీసం" అని చెత్త సంచీలో పడవేయబోయాడు.

"ఆగరా!" అని అరిచాను.

వాడు అదిరిపడ్డాడు. "ఎందుకు తాతయ్యా, అంత గట్టిగా అరిచావు?"

ఇద్దరం గట్టు మీద కూర్చున్నాము. నలభై ఏళ్ళుగా ఎవరికీ సరిగా చెప్పని సంగతి వాడికి చెప్పాను. అదే మీకూ చెబుతున్నాను.

1986లో నేను గుంటూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న ఒక పల్లెలో కొత్తగా మాస్టరుగా చేరాను. ఆ ఏడు వరద తీశాక ఏటిగట్టు ఒకచోట విరిగిపడింది. ఏడవ తరగతి పిల్లవాడు ఒకడు, చేపలు పట్టేవారి బిడ్డ, చొక్కా జేబు నిండా ఏవో బిళ్ళలు వేసుకొని వచ్చాడు. మరునాడు తనిఖీ. నేను హాజరుపట్టీ లెక్కలు సరిచూసుకుంటున్నాను. వాడు బల్ల మీద ఏడెనిమిది బిళ్ళలు పోసి, "మాస్టారండీ, ఇవేమిటండీ?" అన్నాడు.

నేను ఒకటి చేతితో ఎత్తి చూచాను. బరువుగా, మెత్తగా ఉన్నది. "సీసం ముక్కలురా. మీ నాన్నకియ్యి, వలకు పనికొస్తాయి" అన్నాను.

"దీని మీద ఏనుగు ఉన్నదండీ" అన్నాడు వాడు.

"నీ కళ్ళకు అన్నీ ఏనుగులే కనిపిస్తాయి. పో, కూర్చో" అన్నాను. తరగతి అంతా గొల్లున నవ్వింది. వాడు బిళ్ళలు ఏరుకొని వెళ్ళి కూర్చున్నాడు. నేను మళ్ళీ నా లెక్కలలో పడ్డాను.

రెండేళ్ళ తరువాత ఏదో పని మీద హైదరాబాదు వెళ్ళి, పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియం చూడబోయాను. నాణేల గదిలో ఒక అద్దం కింద అవే బిళ్ళలు! అదే బూడిదరంగు, అదే పరిమాణం. తొండం ఎత్తిన ఏనుగు ఒక వైపు. రెండవ వైపు కూడిక గుర్తు, దాని నాలుగు కొసలా నాలుగు సున్నలు. దీనిని ఉజ్జయిని గుర్తు అంటారు. పక్కన చీటీ మీద 'శాతవాహనులు, సీసము' అని ఉన్నది. నా కాళ్ళ కింద నేల కదిలినట్లయింది.

శాతవాహనులు రాగితోనూ, వెండితోనూ, సీసంతోనూ నాణేలు వేయించారని నేను బళ్ళో చెప్పిన పాఠమే. పుస్తకంలో చదివాను, పిల్లల చేత చదివించాను. చేతిలో పెడితే గుర్తు పట్టలేకపోయాను!

తిరిగి వచ్చిన రోజునే ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళాను. వాడి తండ్రి మర్యాదగా నులకమంచం వాల్చాడు. "ఆ ముక్కలా? మీరు చెప్పారటగదండీ వలకు పనికొస్తాయని. తరువాత ఇంకా దొరికినయండీ, రెండు దోసిళ్ళయినయి. అన్నీ కరగబోసి గుండ్లు చేశాను" అన్నాడు. సీసం 327 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరిగిపోతుంది. కట్టెలపొయ్యి, ఒక ఇనుప గరిటె ఉంటే చాలు. ఆయన గోడకు వేలాడుతున్న వల తెచ్చి చూపించాడు. వల అంచు పొడుగునా సీసపు గుండ్లు, చక్కగా వరుసగా ఉన్నాయి. ఆ పిల్లవాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఏనుగు ఉన్నదన్నాను గదండీ" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అన్నాడు.

ఆ నాణేలు శాతవాహనులవేనా? వారి తరువాత నాగార్జునకొండలో ఏలిన ఇక్ష్వాకులు కూడా ఏనుగు బొమ్మతో, ఉజ్జయిని గుర్తుతో సీసపు నాణేలు వేయించారు. అంచున బ్రాహ్మీ అక్షరాలు ఒకటి రెండు నిలిచి ఉంటే రాజు పేరు తెలిసేది. ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

మా మనుమడు కాసేపు ఏమీ అనలేదు. తరువాత బిళ్ళను మెల్లగా ఒక చిన్న సంచీలో వేసి, ఫోనులో ఆ చోటు కొలతలు చూచి, లోతుతో సహా సంచీ మీద వ్రాశాడు.

ఇంగ్లండులో, వేల్సులో పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ అనే ఏర్పాటు ఉన్నది. 1997లో మొదలయింది. ఎవరికి ఏ పాత వస్తువు దొరికినా తీసుకువెళ్ళి చూపించవచ్చు. ఇంతవరకు 15 లక్షలకు పైగా వస్తువులను నమోదు చేశారు. బంగారు, వెండి వస్తువుల వంటివి నిధి కింద లెక్కకు వస్తే చట్టప్రకారం 14 రోజులలో తెలియజేయాలి. మామూలు వస్తువులైతే ఫొటో తీసి, వివరాలు వ్రాసుకొని, తిరిగి ఇచ్చివేస్తారు.

మేము వెళ్ళినప్పుడు అక్కడ ఒక ఆఫీసరమ్మ ఉన్నారు. బిళ్ళను చూడకముందే, "ఎక్కడ దొరికింది?" అని అడిగారు. మా వాడు గర్వంగా సంచీ మీద వ్రాసినది చూపించాడు. అప్పుడు ఆమె మెత్తని కుంచెతో పొడి మట్టిని దులిపి, భూతద్దం కింద పెట్టారు. నీళ్ళు లేవు, చింతపండు లేదు, తోమటం లేదు.

"ఇది బట్టల తానుకు వేసిన ముద్ర" అన్నారామె.

పూర్వం అక్కడ ఉన్నిబట్ట నేసిన తరువాత ప్రభుత్వపు మనిషి వచ్చి కొలత, నాణ్యత చూచి, పన్ను తీసుకొని, తాను అంచుకు సీసపు ముద్ర వేసేవాడు. రెండు చిన్న బిళ్ళలను సన్నని పట్టీతో కలిపి పోతపోసి, బట్ట అంచును వాటి మధ్య పెట్టి మడిచి, అచ్చుతో నొక్కేవారు. ఆ సఫోక్ జిల్లాలోనే లావెన్‌హామ్ అనే ఊరు నీలిరంగు ఉన్నిబట్టకు పేరు పొందింది. ఈ ముద్రల పద్ధతి 1724లో ఆగిపోయింది. కాబట్టి ఇటువంటి ముద్రను ఆ తరువాత వేసి ఉండరు.

మా బిళ్ళ మీద సగం అరిగిన కిరీటం, దాని కింద 'సి', 'ఆర్' అనే అక్షరాలు కనిపించాయి. లాటిను భాషలో 'చార్లెస్ రాజు' అని దాని అర్థం. మొదటి చార్లెస్ 1625 నుంచి 1649 వరకు ఏలాడు. రెండవ చార్లెస్ 1660 నుంచి 1685 వరకు. వీరిలో ఎవరి కాలంలోదో ఈ ముక్క చెప్పదు. "1625కు, 1685కు మధ్య అని వ్రాస్తాను" అన్నారామె. మా వాడికి నచ్చలేదు, ఒకే సంవత్సరం కావాలట! నాకు మాత్రం ఆ జవాబు ఎంతో నచ్చింది. తెలిసినంత మేరకే వ్రాయటం అందరికీ చేతనయ్యే పని కాదు.

తరువాత ఆమె బిళ్ళను తిరగేసి, భూతద్దం నా చేతికిచ్చారు. లోపలివైపు అడ్డంగా, నిలువుగా సన్నని గీతలు. అవి పడుగు పేకల అచ్చులు! బట్ట ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. దాని నేత మాత్రం మెత్తని సీసం మీద నిలిచి ఉన్నది. పోగులు లెక్కపెట్టవచ్చు. మా వాడు గోటితో గీకబోయింది సరిగా ఆ వైపే.

"మరి చేలోకి ఎట్లా వచ్చింది?" అని మా వాడు అడిగాడు. పట్నాలలోని చెత్తనూ, చింకిగుడ్డలనూ బండ్ల మీద తోలి చేలకు ఎరువుగా చల్లేవారట. గుడ్డపీలికతోబాటు ముద్రా వచ్చి ఉంటుంది. మన ఊళ్ళలో పెంటకుప్పను చేనుకు తోలటం లాంటిదే.

మా వాడు ఊరుకోక నా వలగుండ్ల కథ ఆమెకు చెప్పివేశాడు. ఆమె నవ్వలేదు, జాలి పడనూ లేదు. "ఆ చోటు మీకు ఇప్పటికీ తెలుసా?" అని మాత్రం అడిగారు.

నాకు తెలియదు. నేను ఆనాడు అడగనే లేదు.

ఆ రాత్రి తెలిసినవారి ద్వారా నంబరు సంపాదించి ఆ శిష్యుడికి ఫోను చేశాను. వాడికిప్పుడు యాభై దాటింది. ఇంకా ఏటి మీదనే బ్రతుకు. "బాగున్నారా మాస్టారండీ!" అన్నాడు. బిళ్ళల సంగతి ఎత్తగానే, "రేవుమెట్లకు ఎగువన, తాటిచెట్లు దాటాక, గట్టు లోపలికి వంగినచోటండీ" అని నిన్నటి సంగతిలాగా చెప్పాడు.

అక్టోబరులో తిరిగి వచ్చాక ఇద్దరం అక్కడికి వెళ్ళాము. డిటెక్టరు తీసుకుపోలేదు, పలుగూ పారా తీసుకుపోలేదు. పిల్లలూ, మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ఒకటున్నది. నేలలో దాగి ఉండి, పది రూపాయలకు మించి విలువ చేసేది ఏది దొరికినా కలెక్టరుకు వ్రాతమూలంగా తెలియజేయాలి. కాపాడుతున్న పురాతన స్థలాలలో తవ్వటానికి మనకు అధికారం లేదు. అందుచేత మేము చూచాము, అంతే. గట్టు కోతలో ఎరుపు నలుపు కుండపెంకులు, మూరెడు పొడుగు ఇటుకల ముక్కలు పొడుచుకొని ఉన్నాయి. ఒక్కదాన్ని కూడా లాగలేదు.

నేను ఒక చెట్టు నీడన కూర్చొని, పురావస్తుశాఖకు పంపటానికి పటం గీశాను. రేవుమెట్ల నుంచి అడుగులు లెక్కపెట్టి వ్రాశాను. 1986లో దొరికినవి సీసపు బిళ్ళలు, ఏనుగు బొమ్మ గలవి, సుమారు రెండు దోసిళ్ళు, కరిగిపోయినవి, కరిగించమన్నవాడిని నేనే అని కూడా వ్రాశాను. తాటిచెట్లు నాలుగు గీశాను.

శిష్యుడు నా భుజం మీదుగా తొంగి చూచాడు. "నాలుగు కాదండీ, మాస్టారండీ. అప్పుడు అయిదుండేయి. ఏటివైపుది తరువాత వరదలో పోయింది. బిళ్ళలు దాని మొదట్లోనే దొరికినయండీ" అన్నాడు.

నేను రబ్బరు తీసుకొని చెరిపి, అయిదవ చెట్టు ఎక్కడ గీయాలో వాడినే అడిగాను.